బేరంలో అమానతు: పాత స్కూటర్ కొనేవారికి కొన్ని మస్అలాలు

నమాజు, ఉపవాసం, జకాత్ గురించి మస్అలాలు అడిగేవారు మన మధ్య చాలామందే ఉన్నారు. కాని నలభై వేలు పెట్టి పాత స్కూటర్ కొనబోతూ, “ఈ బేరంలో నాకు ఏది హలాల్, ఏది హరామ్?” అని అడిగేవారు అరుదు. మోసం చేసేది అమ్మేవాడేననీ, కొనేవాడు తన డబ్బు కాపాడుకుంటే చాలుననీ మనం అనుకుంటాం. నిజానికి బేరంలో కొనేవాడి నాలుక కూడా అమానతే.

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 29వ ఆయత్ ఒకరి సొమ్ము మరొకరు అక్రమంగా తినడాన్ని నిషేధించింది. పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని ధర్మసమ్మతం చేసింది. అంగీకారం అంటే నోటితో ‘సరే’ అనిపించుకోవడం మాత్రమే కాదు. నిజం దాచి రాబట్టిన ‘సరే’లో మనసు కలవదు.

బేరమాడటం తప్పా?

కొందరు దీనదారులు బేరమాడటం తమ హోదాకు తగదనుకుంటారు. అది సరికాదు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాల్లో హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒంటె వృత్తాంతం ఉంది. ఒక ప్రయాణంలో ఆయన ఒంటె అలసిపోయి వెనకబడింది. దైవప్రవక్త (స) దుఆ చేయగా అది చురుగ్గా నడవసాగింది. తర్వాత ఆ ఒంటెను ఒక ఊఖియా వెండికి తనకు అమ్మమని ఆయన (స) అడిగారు. జాబిర్ (రజి) మొదట ఒప్పుకోలేదు. మళ్ళీ అడిగితే అమ్మారు. అయితే ఇల్లు చేరేవరకు తానే దానిపై వెళ్తానని షరతు పెట్టారు. మదీనా చేరాక దైవప్రవక్త (స) హజ్రత్ బిలాల్ (రజి) చేత వెండి తూయించి, కాస్త మొగ్గుగానే ఇప్పించారు. పైగా ఒంటెను కూడా తిరిగి ఇచ్చేశారు.

ఇందులో మనకు నాలుగు పాఠాలున్నాయి. కొనేవాడు తన ధర చెప్పవచ్చు. అమ్మేవాడు కాదనవచ్చు. షరతు ఏదైనా ఉంటే ముందే తేల్చుకోవాలి. కుదిరిన ధరను చేతికిచ్చేటప్పుడు కోత పెట్టకూడదు.

న్యాయమైన ధర ఎలా తెలుస్తుంది?

ఫిఖహ్ పండితులు ‘సమనె మిస్ల్’ అనే మాట వాడతారు. అంటే అలాంటి వస్తువుకు బజారులో నడుస్తున్న ధర. దాన్ని తెలుసుకోకుండా బేరానికి కూర్చోకూడదు. ఉదాహరణకు, అదే మోడలు, అదే సంవత్సరం బండి నాలుగుచోట్ల విచారిస్తే 38 వేల నుంచి 42 వేల వరకు చెప్పారనుకోండి. 40 వేలు లెక్కలోకి తీసుకోండి. ఇప్పుడు బండిని చూడండి. టైర్లు అరిగాయి, బ్యాటరీ పోయింది, వాటికి 5 వేలు అవుతుందని తేలితే మీ ధర 35 వేలు. ఇది గాలిలోంచి తీసిన అంకె కాదు. ప్రతి రూపాయి తగ్గింపుకూ చూపించగల కారణం ఉంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ కారుతోందా, నడుపుతుంటే హ్యాండిల్ ఒకవైపు లాగుతోందా చూడండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్.సి.తో సరిపోల్చండి. ఫైనాన్స్ బాకీ, ఇన్సూరెన్సు, పెండింగ్ చలాన్ల వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు.

మరో సంగతి. 350 సి.సి. వరకు ఉన్న కొత్త పెట్రోలు ద్విచక్ర వాహనాలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్నవారు తాము కట్టిన బిల్లు చూపించి ధర అడిగితే, ఇప్పటి కొత్త బండి ధరను బట్టి మాట్లాడటం న్యాయమే. కొత్త బండి కొనేవారు ‘ఆన్ రోడ్’ అని ఒకే అంకె వినకుండా బండి ధర, పన్ను, ఇన్సూరెన్సు, యాక్సెసరీలు విడివిడిగా రాయించుకోవాలి. బేరానికి చోటు ఎక్కడుందో అప్పుడే కనిపిస్తుంది.

కొనేవాడి వైపు జరిగే పాపాలు

మొదటిది, లేని లోపం అంటగట్టడం. ఇంజన్ బాగుందని తెలిసీ “ఇది ఆరు నెలలు కూడా రాదు” అనడం అబద్ధమే. “పక్క వీధిలో 30 వేలకే ఇస్తామన్నారు” అని కల్పించడమూ అంతే.

రెండోది, మనుషుల్ని పంపడం. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్ని ‘నజష్’ అంటారు. దైవప్రవక్త (స) దాన్ని నిషేధించారు. అమ్మేవాడి ధైర్యం పోయేలా ఇద్దరు మిత్రుల్ని పంపి తక్కువ ధర చెప్పించడం దాన్నే తలకిందులు చేసిన మోసం.

మూడోది, కుదిరిన బేరాన్ని చెడగొట్టడం. ఒక సోదరుడు ధర ఒప్పుకున్నాక మధ్యలో దూరి వెయ్యి ఎక్కువిస్తానని లాక్కోకూడదు.

నాలుగోది, ఎదుటివాడి అవసరాన్ని ఆసరాగా తీసుకోవడం. ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో బండి అమ్ముకుంటున్న ఇంటికి వెళ్ళి, 40 వేల బండిని 25 వేలకు తెచ్చుకుని దావత్‌లో గొప్పగా చెప్పుకునేవారున్నారు. వారు హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సంగతి వినాలి. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేసి యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి), ఇది అంతకంటే ఎక్కువ చేస్తుందని యజమానితో చెప్పి, తానే వంద వంద చొప్పున పెంచుతూ 800 వరకు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స) చేతిలో బైఅత్ చేశానన్నదే ఆయన చూపిన కారణం. మనం ఆ స్థాయికి చేరలేకపోవచ్చు. కనీసం తెలియనివాడి అమాయకత్వాన్ని, ఆపదలో ఉన్నవాడి కన్నీటిని బేరంలో లాభంగా లెక్కించకుండా ఉండగలం.

అమ్మేవాడు, మెకానిక్

ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స), మోసం చేసేవాడితో తనకు సంబంధం లేదన్నారు. బండి యాక్సిడెంట్ అయిందా, ఇంజన్ విప్పారా, మీటరు మార్చారా, ఇవన్నీ అడగకపోయినా చెప్పాలి. “ఉన్నది ఉన్నట్టు, తర్వాత నాకు సంబంధం లేదు” అనే షరతుతో అమ్మకం హనఫీ ఫిఖహ్ ప్రకారం చెల్లవచ్చు. కాని తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఆ మాటతో తుడిచిపెట్టుకుపోదు. మనం నమ్మి వెంట తీసుకెళ్ళిన మెకానిక్ అమ్మేవాడి దగ్గర రహస్యంగా కమీషన్ తీసుకుని నోరు మూసుకుంటే, అతనూ ఆ మోసంలో భాగస్వామే.

మాట కుదిరాక

దైవప్రవక్త (స) కాలంలో లావాదేవీల్లో తరచూ మోసపోయే ఒక సహాబీ ఉండేవారు. మోసం ఉండకూడదని ముందే చెప్పమని ఆయన (స) అతనికి నేర్పారు. ఫుఖహాలు చెప్పిన ‘ఖియారె షర్త్’కు ఇది ఆధారం. మీరూ మూడు రోజుల గడువు అడగవచ్చు. “మెకానిక్‌కు చూపిస్తాను, నచ్చకపోతే తిరిగి ఇస్తాను” అని ఇద్దరూ ఒప్పుకుంటే అది ధర్మసమ్మతమే.

బయానా విషయంలో జాగ్రత్త అవసరం. బేరం రద్దయితే బయానా మింగేయడం హనఫీ, మాలికీ, షాఫియీ పండితుల దృష్టిలో సమ్మతం కాదు. హంబలీలు అనుమతించారు. కాబట్టి దాని సంగతి ముందే రాసుకోవాలి. వర్తకంలో సాక్షుల్ని పెట్టుకోమని బఖరా సూరా 282వ ఆయత్ బోధించింది కూడా.

డబ్బు చేతులు మారగానే పని అయిపోలేదు. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఆర్.సి. మార్పించాలి. అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్.టి.ఏ.కు తెలియజేయాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఆర్.సి.లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఖర్చు మిగుల్చుకోవడానికి పేరు మార్చకుండా తిరిగే కొనుగోలుదారు, అమ్మినవాడి మెడకు ఉచ్చు తగిలించినట్లే.

సోదరులారా! ఇద్దరూ నిజం చెప్పి, లోపాలు బయటపెట్టుకుంటే వ్యాపారంలో బరకత్ ఉంటుందని, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం. ఆ బండి మీదే మనం మస్జిద్‌కు వెళ్తాం, పిల్లల్ని బడిలో దించుతాం, తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తాం. అలాంటి సవారీని అబద్ధంతో ఇంటికి తేవద్దు.

కొనుగోలులోను, అమ్మకంలోను మృదువుగా, సత్యంగా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.