చెదలనుండి ఇంటిని, పెరటిని కాపాడుకొను విధము



పంట పండించుటకు మీరు పడిన శ్రమ కళ్లమువద్దనే ముగియదు. ఇల్లు చేరిన ధాన్యమును, ఆ ధాన్యమునకు నీడనిచ్చు ఇంటిని కూడ కాపాడుకొనవలెను. గోడ ప్రక్కన వేసిన విత్తనపు బస్తాను లాగినపుడు అడుగు ఊడి గింజలు నేలపాలగుట, నున్నగా కనబడు ద్వారబంధము వ్రేలితో నొక్కగానే లోనికి దిగబడుట మన పల్లెలలో తరచు జరుగు సంగతులే. ఇది చెదల పని. గోనెసంచి పోయిన మరొకటి కొనవచ్చును. దూలము లోపల డొల్లయై ఒకనాడు విరిగిన, దాని క్రింద నిద్రించువారికే ముప్పు. కావున చెదలు ఎచటినుండి వచ్చునో, ఎట్లు ఆపవలెనో తెలిసికొనుట ప్రతి గృహస్థునకు అవసరము.

చెదల జీవన విధానము

చెదలను కొందరు తెల్ల చీమలందురు. నిజమునకు ఇవి చీమలు కావు. బొద్దింకలకు దగ్గరి చుట్టములు. చీమలు వీనికి గొప్ప శత్రువులు. మన ఇండ్లకు, తోటలకు ఎక్కువగా నష్టము చేయు చెదలు నేలలో గూడు కట్టుకొని నివసించును. కొన్ని జాతులు పైకి పుట్టలు లేపును. మరికొన్నింటి గూళ్లు పూర్తిగా భూమిలోపలనే ఉండుటచే కంటికి కనబడవు. గూటిలో రాణి రోజుకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. పనిచేయు చెదలు ఆహారము తెచ్చును. బలమైన దవడలుగల సిపాయి చెదలు కాపలా కాయును. తొలకరి వానలకు దీపముల చుట్టు మూగు ఉసిళ్లు ఈ చెదలలో రెక్కలు వచ్చినవే. అవి జతకట్టి, రెక్కలు రాల్చుకొని, తడి నేలలో క్రొత్త గూడు మొదలుపెట్టును.

చెద శరీరము మిక్కిలి మెత్తనిది. ఎండ, గాలి తగిలిన త్వరలో ఎండి చచ్చును. అందుచేత అది బయట తిరుగదు. నేలనుండి ఆహారము వరకు మట్టితో గొట్టమువంటి దారి కట్టుకొని, ఆ చీకటిలో, ఆ తేమలో రాకపోకలు సాగించును. మనము ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది ఇదియే. దూలముమీద కనబడిన చెదలను చంపినంత మాత్రమున ప్రయోజనము లేదు. గూటినుండి మరికొన్ని వచ్చును. నేలకును కలపకును నడుమగల దారిని తెంపిన, పైనున్నవి తేమ అందక నశించును, క్రిందివి పైకి రాలేవు. కిరసనాయిలు చల్లుట, ఉప్పునీరు పోయుట వంటివి కనబడినవానిని మాత్రమే చంపును. కిరసనాయిలువలన అగ్ని ప్రమాదము కూడ కలదు.

గుర్తించుట ఎట్లు?

నెలకొకసారి దీపము పట్టుకొని గోడల అడుగుభాగమును, ద్వారబంధములను, దూలములు గోడలో చొచ్చుకొనిన చోట్లను పరీక్షించుడు. పెన్సిలు లావున మట్టి చారలు గోడపై ప్రాకుచున్న అవి చెదల దారులే. కలపను చిన్న సుత్తితో తట్టిచూడుడు. డొల్ల శబ్దము వచ్చిన చోట మొనగల ఇనుప ముక్కతో పొడిచిన లోపలి సంగతి తెలియును. మట్టి గొట్టమును అంగుళము మేర విరిచి రెండు మూడు దినముల తరువాత మరల చూడుడు. విరిగిన చోట తడి మట్టితో అతుకు పడియున్న చెదలు ఇంకను పనిచేయుచున్నవని గ్రహింపవలెను.

కలపమీద మట్టి లేక, సూదిబెజ్జములవంటి రంధ్రములు ఉండి, వానినుండి పిండివంటి పొడి రాలుచున్న అది చెద కాదు, పుచ్చు పురుగు. వెదురు వాసములకు ఇది ఎక్కువ. నరికిన వెదురును కొన్ని వారములు నీటిలో నానవేసి, నీడన బాగుగా ఆరబెట్టి వాడిన ఈ పురుగు బాధ తగ్గును. నేలను మందుతో తడుపుట దీనికి చికిత్స కాదు.

ఖర్చు లేని జాగ్రత్తలు

1. కంది కట్టె, పత్తి కట్టె, పిడకలు, పాత కలప గోడకు ఆనించి పేర్చకుడు. ఇవి చెదలకు ఆహారము, గోడ ఎక్కుటకు చాటు కూడ అగును. ఇంటికి దూరముగా, రాళ్లమీద పేర్చుడు.

2. గోడ చుట్టు అడుగున్నర వెడల్పున మట్టి కుప్పలు, పాదులు లేకుండ ఖాళీగా ఉంచుడు. బీర, కాకర పాదులను గోడకు ప్రాకనిచ్చిన చెదల దారులు ఆకుల మాటున కనబడవు.

3. తేమ ఉన్న చోటికి చెద ముందుగా చేరును. స్నానపు నీరు, గోలెములనుండి కారు నీరు పునాదివద్ద నిలువకుండ కాలువ తీసి మొక్కలకు మళ్లించుడు. పైకప్పు కారుచున్న వెంటనే బాగుచేయుడు.

4. ధాన్యపు బస్తాలను నేలమీద వేయకుడు. రాళ్లపై బల్లలు పరచి, గోడకు అడుగున్నర ఎడముగా పేర్చిన గాలి ఆడును, చుట్టు తిరిగి చూచుటకు వీలగును. గడ్డివామిని కూడ రాతి అరుగుమీదనే వేయవలెను.

5. పాకల గుంజలను నేరుగా మట్టిలో పాతకుడు. రాతి దిమ్మెపైగాని సిమెంటు దిమ్మెపైగాని నిలుపుడు. తప్పనిసరియైన, పాతు భాగమునకు, దానిపైన మరి యొక అడుగు వరకు తారు పూయుడు.

6. క్రొత్త కలప కొనునపుడు చేవగల దానిని ఎంచుకొనుడు. టేకు చేవను చెద సులభముగా తినలేదు. అయినను టేకులోనే చేవ పైనుండు తెల్లని చెక్కను తినును. మామిడి, బూరుగు కలపలు త్వరలో చెదబట్టును.

మందు వాడవలసి వచ్చినపుడు

పై జాగ్రత్తలు తీసికొనినను చెద మరల వచ్చుచున్న, గోడ చుట్టుగల నేలకు మందు పట్టించవలెను. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతము ద్రవమును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున, అనగా 10 లీటర్లకు 21 మిల్లీలీటర్లు కలుపుడు. బయటివైపు పునాది ప్రక్కన మూరెడు లోతు సన్నని కాలువ తవ్వి, పునాది ముఖమునకు చదరపు మీటరుకు 7.5 లీటర్ల మందునీరు వచ్చునట్లు పోయుచు, తీసిన మన్నును కూడ తడిపి పూడ్చుడు. ఇంటి లోపల, గోడయు గచ్చు నేలయు కలియుచోట అడుగుకొకటి చొప్పున అర అంగుళము రంధ్రములు వేసి, ఒక్కొక్క దానిలో లీటరుకు మించకుండ మందునీరు పోసి సిమెంటుతో మూయుడు. క్రొత్తగా ఇల్లు కట్టువారు గచ్చు వేయుటకు ముందే నింపిన మట్టిపై చదరపు మీటరుకు 5 లీటర్లు పట్టించిన ముందు ముందు శ్రమ తప్పును.

చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కండ్లకు అద్దములు ధరింపవలెను. పిల్లలను, పశువులను దూరముగా ఉంచవలెను. బావి దగ్గర, చెరువు గట్టున, వాన పడుచున్నపుడు ఈ మందు వాడరాదు. ధాన్యముమీదగాని బస్తాలమీదగాని చల్లనే రాదు.

ఒకప్పుడు చెదలకు ఆల్డ్రిన్, హెప్టాక్లోర్, క్లోర్డేన్ మందులను సిఫారసు చేసెడివారు. అవి నేలలో ఏండ్ల తరబడి నిలిచి, పశువుల క్రొవ్వులోను పాలలోను చేరునని తేలినందున 1996లో మన దేశమున నిషేధింపబడినవి. మీ అటకమీద అట్టి పాత డబ్బా ఇంకను ఉన్న, దానిని వాడకుడు, కాలువలో పారబోయకుడు, కాల్చకుడు. మూత తీయక, పిల్లలకు అందకుండ భద్రపరచి వ్యవసాయాధికారికి తెలియజేయుడు.

పుట్టల సంగతి

ఇంటికి ఆనుకొనియున్న పుట్టను తవ్వదలచిన, ముందు అందులో పాము లేదని నిశ్చయించుకొనుడు. రాణి చెద పుట్ట నడుమ, ఇంచుమించు నేలమట్టముననో కొంత క్రిందనో, గట్టి మట్టి గదిలో ఉండును. వ్రేలంత పొడవున, ఉబ్బిన పొట్టతో తెల్లగా ఉండును. దానిని తీసి చంపవలెను. ఒకే పుట్టలో ఒకటికంటె ఎక్కువ రాణులు ఉండవచ్చును గనుక పూర్తిగా వెదకవలెను. నాగుల చవితికి పాలు పోయు పుట్టను ముట్టుకొననక్కరలేదు. ఇంటివైపు పునాదికి మందు పట్టించిన చాలును. పొలము గట్టున, బీటిలో దూరముగా ఉన్న పుట్టలను కూడ వదలివేయుడు. అచట చెదలు ఎండుటాకులను, పుల్లలను తిని మట్టిలో కలుపును, నేలను గుల్లపరచును.

పెరటి మొక్కల రక్షణ

చెద సాధారణముగా ఎండిన పదార్థమును కోరును. నీరందక వాడిన మొక్కనే ముందుగా పట్టును. కావున వేసవిలో లేత మొక్కలకు తడి ఆరనీయకుండ నీరు పెట్టుటయే మొదటి మందు. మాగని పశువుల ఎరువు వేసిన చెదలను పిలిచి తెచ్చుకొనినట్లే. బాగుగా చివికినదే వాడుడు. గుంతలో ఎరువుతోబాటు వేపపిండి కలుపుడు. కొబ్బరి నారుమడిలో కాయలపై ఏటి ఇసుక పరచిన చెదలు తగ్గును. మామిడి మొదలుపై మట్టి పొర కట్టిన, గోనె గుడ్డతో రుద్ది తీసివేసి, చెట్టు చుట్టుగల ఎండు పుల్లలను ఏరివేయుడు. కూరగాయల మడులలో ఇంటికి వాడు చెద మందును పోయరాదు.

ముగింపు

తొలకరికి ముందొకసారి, వానలు వెలిసిన పిమ్మట మరొకసారి ఇల్లంతయు శ్రద్ధగా పరీక్షింపుడు. మొదట గోడ ప్రక్కనున్న కట్టెలను తొలగించుడు, నీరు నిలువకుండ చేయుడు, మట్టి దారులను దులిపివేయుడు. పెక్కు ఇండ్లలో ఇంతమాత్రముతోనే చెద అదుపులోనికి వచ్చును. అప్పటికిని రాకున్ననే మందు. దూలము డొల్లయినట్లు తోచిన మాత్రము మందుతో కాలయాపన చేయక, వెంటనే దాని క్రింద ఊతము పెట్టి వడ్రంగికి చూపి మార్పించుడు.