పాఠం 11: కొత్త నేలను సాగుకు సిద్ధం చేయడం

11.1 పరిచయం

మీకు ఇంటి పక్కనో, ఊరి చివరనో కొద్దిపాటి నేల దొరికిందనుకోండి. అది కౌలుకు తీసుకున్నది కావచ్చు, పంపకాల్లో వచ్చినది కావచ్చు, ఏళ్ళ తరబడి బీడుపడి ఉన్న సొంత స్థలమే కావచ్చు. కూరగాయలు వేస్తే ఇంటికి కూర దొరుకుతుంది. మిగిలింది అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయి. ఈ ఆలోచన రాగానే చాలామంది ముందు ట్రాక్టరును పిలిచి దున్నిస్తారు, వెంటనే విత్తనాలు కొంటారు. నేలను పరిశీలించే పని చివరికి మిగిలిపోతుంది. ఈ వరస మారాలి. ముందు నేలను తెలుసుకోవాలి, తరువాత తవ్వాలి, ఆ తరువాతే విత్తాలి.

ఈ పాఠంలో 2 గుంటల నేలను ఉదాహరణగా తీసుకుందాం. ఎకరానికి 40 గుంటలు. సెంట్లలో లెక్కించే ప్రాంతాల్లో ఎకరానికి 100 సెంట్లు. కాబట్టి 2 గుంటలంటే 5 సెంట్లు, అంటే 242 చదరపు గజాలు.

11.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• నేలను తీసుకునే ముందు అడగవలసిన విషయాలను చెప్పగలుగుతారు;
• మట్టి రకాన్ని, నీరు ఇంకే తీరును ఇంటివద్దనే పరీక్షించగలుగుతారు;
• మట్టి నమూనాను సరైన పద్ధతిలో తీయగలుగుతారు;
• తుంగ వంటి మొండి కలుపును గుర్తించి అదుపు చేయగలుగుతారు;
• మొదటి ఏడాది పనిని భాగాలుగా విభజించుకోగలుగుతారు.

11.3 ఈ ఉదాహరణ చదవండి

తెలంగాణలోని ఒక గ్రామంలో ఒకామె 2 గుంటల బీడును ఏడాది కౌలుకు తీసుకుంది అనుకుందాం. జూన్‌లో తొలి వాన పడింది. వారం తిరగకుండా నేలంతా సన్నని పచ్చని మొలకలు వచ్చాయి. మంచి సారం ఉన్న నేల అని ఆమె సంతోషించింది. ట్రాక్టరు వచ్చిన రోజు పక్క చేను పెద్దాయన గట్టు మీద నిలబడి అడిగాడు.

"ఏం బిడ్డా, దున్నిస్తున్నవా?"

"అవు కాకా. పదును పోకముందే విత్తనం పెట్టాలె."

"ఆ గడ్డి ఏందో చూసినవా? తుంగ అది. ఒక్క మొక్క తవ్వి చూడు."

"దున్నితే పోదా కాకా?"

"పోదు బిడ్డా. ఒక్కటి పది అయితది."

అప్పటికే ట్రాక్టరుకు బయానా ఇచ్చి ఉండడంతో ఆమె దున్నించింది. బెండ, గోరుచిక్కుడు విత్తింది. విత్తనంతోపాటే తుంగ కూడా, ముందటికంటే దట్టంగా మొలిచింది. మూడుసార్లు కలుపు తీసినా తగ్గలేదు. కలుపు పనికి సాయంగా ఆమె కూతురు వారం రోజులు బడి మానింది. చివరికి దున్నకం, విత్తనం, కౌలు ఖర్చులకు సరిపడా కాయ కూడా రాలేదు.

ఇలా ఎందుకు జరిగింది? తుంగకు భూమిలో చిన్న చిన్న గడ్డలుంటాయి. అవి సన్నని తీగలతో గొలుసులా ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. గొలుసు తెగనంతవరకు వాటిలో చాలా గడ్డలు మొలవకుండా నిద్రలో ఉంటాయి. తడి నేలలో దున్నినప్పుడు గొలుసు తెగి, విడిపడిన గడ్డలు నేలంతా పరచుకొని దేనికది మొలుస్తుంది. ఆమె కష్టంలో లోపం లేదు. పని చేసిన వరసలోనే లోపం ఉంది.

11.4 నేలను తీసుకునే ముందు

కౌలుకు తీసుకునేటప్పుడు ఈ విషయాలను కాగితం మీద రాయించుకోండి: సర్వే నంబరు, నాలుగు వైపుల హద్దులు, విస్తీర్ణం, కౌలు ఎంత, ఎప్పుడు చెల్లించాలి, గడువు ఎంత, నీరు ఎక్కడి నుంచి వస్తుంది, నడవడానికి బాట ఉందా. సంతకం పెట్టేముందు కాగితాన్ని మీరే చదవండి. అంకెలను ప్రత్యేకంగా సరిచూడండి.

గడువు సంగతి ముఖ్యమైనది. పశువుల ఎరువు, పచ్చిరొట్ట వంటివి వేస్తే వాటి ఫలితమంతా మొదటి పంటలోనే కనిపించదు. రెండో ఏట, మూడో ఏట కూడా నేల బాగుంటుంది. ఒక్క ఏడాదికే నేల తీసుకొని, బాగుచేసి తిరిగి ఇచ్చేస్తే మీ ఖర్చు ఇతరులకు లాభమవుతుంది. అందువల్ల కనీసం మూడేళ్ళ గడువు అడగండి. అది కుదరకపోతే నేల మీద పెట్టే ఖర్చును ఆ మేరకు తగ్గించుకోండి.

11.5 నేలను తెలుసుకోవడం

అ) మట్టి రకం: ఒక గాజు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, మూతపెట్టి బాగా కుదపండి. కదపకుండా ఒక రోజు ఉంచండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరేది ఇసుక. దానిపై పేరుకునేది ఒండ్రు. చివరగా, చాలా నెమ్మదిగా దిగేది బంకమట్టి. ఇసుక పొర మందంగా ఉంటే నీరు, ఎరువు త్వరగా కిందికి జారిపోతాయి. బంకమట్టి ఎక్కువగా ఉంటే నీరు నిలుస్తుంది. ఎర్ర చెలక నేలల్లో వాన తరువాత పైపొర గట్టిపడి మొలకను రానివ్వదు. నల్లరేగడి తడిసినప్పుడు అంటుకుంటుంది, ఎండినప్పుడు నెర్రెలిస్తుంది.

ఆ) నీరు ఇంకడం: అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకిన తరువాత మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీరు మరుసటి రోజుకూ నిలిచి ఉంటే మురుగు పోయే దారి చాలదని అర్థం. అక్కడ ఎత్తు మడులు, కాలువలు చేయాలి.

ఇ) పదును: మట్టిని పిడికిట్లో నొక్కి, నడుము ఎత్తు నుంచి వదలండి. ముద్ద అసలు కట్టకపోతే తేమ చాలదు. పడిన ముద్ద చెదరకుండా ఉంటే తేమ ఎక్కువ. ముద్ద కట్టి, కింద పడగానే పొడిగా విరిగితే అది దున్నడానికి తగిన పదును.

11.6 మట్టి నమూనా

కంటికి కనబడని విషయాలను పరీక్షాకేంద్రం చెబుతుంది. కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార కార్డుల పథకాన్ని ప్రారంభించింది. మట్టిలో ఏ పోషకం ఎంత ఉందో, ఏది ఎంత వేయాలో ఈ కార్డులో రాసి ఇస్తారు. నమూనా సరిగా తీయకపోతే ఫలితం కూడా తప్పుగానే వస్తుంది. అందుకే ఈ పద్ధతిని పాటించండి:

1. నేలలో వంకరటింకరగా నడుస్తూ 8 లేదా 10 చోట్లు ఎంచుకోండి. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్పలు వేసిన చోట తీయవద్దు.
2. పైనున్న చెత్తను తొలగించి, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంత తీయండి.
3. గుంత పక్క నుంచి పై నుండి కింది వరకు పలుచని పొరగా మట్టిని చెక్కండి.
4. అన్ని చోట్ల మట్టిని శుభ్రమైన గుడ్డపై కలిపి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు తీసివేయండి. అరకిలో మిగిలే వరకు ఇలాగే చేయండి.
5. నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో వేసి, పేరు, ఊరు, సర్వే నంబరు రాసిన చీటీ జతచేయండి.

నమూనాను మీ మండల వ్యవసాయ సిబ్బందికి అందజేయండి.

11.7 కలుపును అదుపు చేయడం

తుంగ: వేసవిలో, నేల ఎండి ఉన్నప్పుడు పలుగు, పారలతో లోతుగా తిరగవేయండి. పైకి వచ్చిన గడ్డలను ఏరి, పూర్తిగా ఎండేవరకు ఎండలో పరచండి. రోహిణి కార్తె ఎండలు ఇందుకు బాగా పనికివస్తాయి. గడ్డలను ఎరువు గుంతలో వేయకండి. ఎరువుతోపాటు అవి మళ్ళీ నేలలోకే చేరతాయి. తుంగకు నీడ పడదు. దట్టంగా ఎదిగే పైరు వేస్తే బలహీనపడుతుంది. ఒక్క ఏడాదిలో పూర్తిగా పోతుందని మాత్రం ఆశించవద్దు.

వయ్యారిభామ: పూత రాకముందే వేళ్ళతో సహా పీకాలి. ఇది కొందరికి చర్మంపై దురదను, ఆయాసాన్ని కలిగిస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.

11.8 భాగాలుగా సిద్ధం చేయడం

మొదటి కారులోనే నేలంతా పంట పెట్టాలని తొందరపడవద్దు. 2 గుంటలను నాలుగు సమాన భాగాలు చేయండి. ఒక్కో భాగం అర గుంట. ఒక భాగంలో కూరగాయలు వేయండి. మిగిలిన మూడు భాగాల్లో జనుము విత్తండి.

ఏప్రిల్, మే: తవ్వకం, గడ్డల ఏరివేత, మట్టి నమూనా.

జూన్: మృగశిర కార్తె వానలకు పదును చూసి మూడు భాగాల్లో జనుము విత్తండి. ఎకరానికి 20 కిలోల చొప్పున గుంటకు అరకిలో, ఒకటిన్నర గుంటలకు 750 గ్రాములు కావాలి. కూరగాయల భాగానికి బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. ఎకరానికి 10 టన్నుల చొప్పున అర గుంటకు 125 కిలోలు సరిపోతుంది. పచ్చి పేడ వేయకూడదు. దానివల్ల చెదలు, వేరుపురుగు వచ్చే ప్రమాదం ఉంది.

జూలై చివర: సుమారు 45 రోజులకు జనుము పూతకు వస్తుంది. అప్పుడు కోసి నేలలో కలిపివేయండి. జనుము వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. ఆలస్యమైతే కాడ ముదిరి త్వరగా కుళ్ళదు.

సెప్టెంబరు: రొట్ట చివికిన భాగాల్లో టమాటా, వంగ నారు నాటవచ్చు.

ఈ పద్ధతిలో మొదటి మూడు నెలలు పంట తక్కువగా వస్తుంది. కానీ ఖర్చు, కలుపు పని కూడా తక్కువే. ఏదైనా పొరపాటు జరిగినా నష్టం అర గుంటకే పరిమితమవుతుంది.

కృత్యం: మీ ఇంటి దగ్గర మూడు వేరువేరు చోట్ల మట్టి తీసి సీసా పరీక్ష చేయండి. పొరల మందాన్ని స్కేలుతో కొలిచి పట్టికగా రాయండి.

11.9 సంగ్రహం

కొత్త నేల విషయంలో తొందరపాటు ఖర్చును పెంచుతుంది. గడువును, హద్దులను కాగితం మీద చూసుకోవాలి. మట్టిని, నీటిని, కలుపును పరిశీలించాలి. ఒక భాగంలో పంట, మిగిలిన భాగాల్లో పచ్చిరొట్ట వేసి, నేలను క్రమంగా సాగులోకి తీసుకోవాలి.

11.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తుంగ ఉన్న తడి నేలను దున్నితే ఏమవుతుంది?
2. చెట్టు కింద మట్టి నమూనా ఎందుకు తీయకూడదు?
3. 5 సెంట్ల నేలంతటా జనుము వేయాలంటే ఎంత విత్తనం కావాలి?
4. ఉదాహరణలోని ఆమె రెండో ఏడాది కూడా అదే నేలను తీసుకోవాలా? మీ అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాల్లో రాయండి.

జవాబులు

1. గడ్డల గొలుసు తెగి, విడిపడిన గడ్డలు మొలిచి కలుపు పెరుగుతుంది.
2. రాలిన ఆకుల వల్ల అక్కడి మట్టి మిగతా నేలకంటే భిన్నంగా ఉంటుంది.
3. 5 సెంట్లంటే 2 గుంటలు. గుంటకు అరకిలో చొప్పున 1 కిలో.
4. దీనికి ఒకే జవాబు లేదు. కౌలు గడువు, వేసవిలో తవ్వడానికి ఇంట్లో ఉన్న మనుషులు, మొదటి ఏడాది వచ్చిన నష్టం, కూతురి చదువు – ఈ నాలుగింటినీ లెక్కలోకి తీసుకున్నారో లేదో చూసుకోండి.