బిళ్ళగన్నేరు

పూజకు పువ్వు దొరకని దినమున మన గృహస్థుల చేయి బిళ్ళగన్నేరు వైపునకే పోవును. ఎంత యెండ కాచినను ఏడాది పొడవునను పూయుట దాని స్వభావము. హిందీవారు దీనిని 'సదాబహార్' అనియు, తమిళులు 'నిత్యకల్యాణి' అనియు పిలుచుట ఇందువలననే. వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన 'కాథరాంథస్' అను పేరునకు గ్రీకుభాషలో నిర్మలపుష్పమని యర్థము. పేరులో గన్నేరున్నను ఇది గన్నేరు గాదు. రెండును ఒకే కుటుంబమునకు చెందిన వేర్వేరు మొక్కలు. దీని జన్మస్థానము మడగాస్కర్ ద్వీపము.

మా బాల్యమున మామ్మగారు తులసికోట చుట్టును దీనిని పెంచెడివారు. పిల్లలము రాలిన పూవులను చీపురుపుల్లకు గ్రుచ్చి ఆడుకొనెడివారము. కందిరీగ కుట్టినచో ఆమె రెండాకులు నలిపి, ఆ రసమును కాటుపై రాచెడివారు. మంట తగ్గినది రసముచేతనో, ఆమె వ్రేళ్ళ చల్లదనముచేతనో చెప్పజాలను. దడి దాటి వచ్చిన మేక తోటకూరను మేసిపోయెడిది గాని, బిళ్ళగన్నేరును మూతితోనైనను ముట్టెడిది కాదు. ఆ ఆకు చేదు అట్టిది.

ఆ చేదే మధుమేహమునకు మందని లోకమున ఒక నమ్మకము కలదు. మా ఆశ్రమమునకు వచ్చు పెద్దలలో కొందరు ఉదయముననే ఈ ఆకులను నమలుచున్నారనియు, వారిలో ఒకరు వైద్యుడిచ్చిన మాత్రలను సైతము మానివేసిరనియు తెలియవచ్చినది. కావున ఈ విషయమును కొంత విపులముగా తెలిసికొనుట అవసరము.

జమైకా ద్వీపమునను ఇట్టి నమ్మకమే యుండెడిది. 1952లో అచ్చటి నుండి కొన్ని యాకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ అను పరిశోధకునికి చేరినవి. ఆయన ఆకుల సారమును ప్రయోగజంతువులకు నోటి ద్వారా ఇచ్చి చూచెను. రక్తములోని చక్కెర తగ్గలేదు. సూదితో రక్తనాళములోనికి ఎక్కింపగా, ఆ జంతువులు కొలదిదినములలోనే రోగక్రిములపాలై మరణించినవి. కారణమేమని పరిశీలింపగా, క్రిములతో పోరాడవలసిన తెల్లరక్తకణములు క్షీణించియుండెను. మరియొకడైనచో ఆకులను పారవేసి యుండును. నోబుల్ అట్లు చేయక, తెల్లకణములు మితిమీరి పెరుగు వ్యాధికి ఇదియే మందు కారాదా యని యోచించెను. 1958లో ఆయనయు, చార్లెస్ బీర్ అను రసాయనజ్ఞుడును 'విన్‌బ్లాస్టిన్' అను ద్రవ్యమును లోకమునకు తెలిపిరి. ఈ మొక్కనుండియే లభించిన 'విన్‌క్రిస్టిన్'కు 1963లో అమెరికాలో అనుమతి లభించెను. కణము రెండుగా విడివడుటకు తోడ్పడు సన్నని నాళికలు ఏర్పడకుండ ఇవి అడ్డగించును. పసిపిల్లలకు వచ్చు రక్తకాన్సరుకు విన్‌క్రిస్టిన్ నేటికిని ముఖ్యమైన మందులలో నొకటి. ఒకప్పుడు దాదాపుగా మరణశాసనమైన ఆ వ్యాధినుండి, సంపన్నదేశములలో నేడు నూటికి ఎనుబదిమందికి పైగా పిల్లలు బయటపడుచున్నారు.

అయితే ఆ మందు ఆకులో అత్యల్పము. ఒక్క గ్రాము తీయుటకు వందల కిలోల ఎండుటాకు కావలెను. దానిని వైద్యులు రోగి శరీరపరిమాణమును లెక్కించి, మిల్లీగ్రాముల కొలతతో రక్తనాళములోనికి మాత్రమే ఇత్తురు. మోతాదు మించినచో నరములు చచ్చుబడును. పెరటి ఆకులో ఏ ద్రవ్యము ఎంత యున్నదో నమలువానికి తెలియు మార్గము లేదు. మధుమేహరోగికి కాలిమీది చిన్నపుండే పెద్దయాపద. అట్టివాడు తెల్లకణములను తగ్గింపగల ఆకును తినుచు, మాత్రలను మానుట ఎంతటి సాహసమో చెప్పనక్కరలేదు. గర్భిణులు దీనిని అసలే తినరాదు.

మాత్రలు మానిన ఆ పెద్దమనిషి రక్తపరీక్ష చేయించుకొని, వాటిని మరల ప్రారంభించినారు. మొక్కను పీకివేయవలెనా యని అడిగిరి. అక్కరలేదంటిమి, పూవులు పూజకు కోసికొనవచ్చును.