ఏ షుగరో కనుక్కో

అనకాపల్లి

చి॥ అమ్మలుకి,

బోధన్ దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. మందుల సంగతి నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను రాసేది నువ్వు రోజూ వినబోయే ఒక్క మాట గురించి, షుగర్ గురించి.

మనం పంచదార అంటాం. అక్కడ చక్కెర అంటారు, శక్కర్ అంటారు. నిజాం కాలంలో, 1930లలో వెలిసిన చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న పేటకి శక్కర్‌నగర్ అనే పేరు. షుగర్ అన్నారంటే మాత్రం, అక్కడైనా ఇక్కడైనా, ఎక్కువగా జబ్బే. అందుకని "షుగర్ తగ్గించుకో" అని ఊరుకోకు. అది మాత్ర చేసే పని అనుకుని టీలో మూడు చెంచాలు వేసుకుంటూనే ఉంటారు. "పంచదార మానెయ్" అన్నావా, బెల్లానికి మారతారు. బెల్లం ఊరివాణ్ణి చెబుతున్నాను, అందులోనూ ఎక్కువ భాగం సుక్రోజే. "టీలో ఏం వేస్తావమ్మా, ఎన్ని చెంచాలు, రోజుకి ఎన్నిసార్లు?" అని అడుగు. అన్నం ఎంత తింటారో కూడా అడుగు. అన్నం తియ్యగా ఉండదు కాబట్టి దాన్ని లెక్కలోకే తీసుకోరు.

ఈ మాట పుట్టుక చెప్పకుండా ఉండలేను. సంస్కృతంలో శర్కర అంటే మొదట కంకర, గులకరాయి. గానుగ దగ్గర పాకం ఆరేటప్పుడు అంచున పలుకు కట్టడం చిన్నప్పుడు చూశావుగా. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడేది. పేరు అలాగే వచ్చింది. అదే ప్రాకృతంలో సక్కర అయి మనకు చక్కెర అయింది. పారశీకంలో శకర్, అరబ్బీలో సుక్కర్, ఫ్రెంచిలో సుక్ర్ అయి, ఇంగ్లీషులో షుగర్‌గా స్థిరపడింది. 1770లలో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ షుగర్ రోగుల మూత్రాన్ని ఆవిరి చేస్తే అడుగున తెల్లటి పలుకు మిగిలింది. అదీ వేళ్ల మధ్య పొడిపొడి అయింది, చక్కెరకీ దానికీ దాదాపు తేడా కనబడలేదు. మన శాస్త్రాల్లో ఈ జబ్బుకి మధుమేహమని పేరు, మధువంటే తేనె. సుశ్రుతుడి దగ్గర శర్కర అనే మాట మూత్రంలో పడే రాతి పొడికి ఉంది, అది వేరే బాధ.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు రాస్తున్నాను. మన వీధిలో ఒకాయన పొద్దున్నే ఇన్సులిన్ వేసుకున్నాడు, టిఫిన్ ఆలస్యమైంది. రక్తంలో షుగర్ బాగా పడిపోయి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, కూలబడ్డాడు. కోడలు గ్లాసులో పంచదార కలుపుతుంటే ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టుకున్నారు, షుగర్ మనిషికి పంచదారేమిటని. ఆ పిల్ల విడిపించుకుని తాగించింది కాబట్టి మనిషి దక్కాడు.

జబ్బుకీ పంచదారకీ ఒకే పేరు కావడంతో వచ్చిన ప్రమాదం అది. ఇన్సులిన్ రాసే ప్రతిసారీ రోగితో పాటు వంట చేసే మనిషిని కూడా పిలిచి కూర్చోబెట్టు. షుగర్ పడిపోతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించమని చెప్పు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకురమ్మను. ఇదంతా చీటీ వెనక తెలుగులో, వాళ్లు వాడే మాటతోనే రాసివ్వు. చదవడం రానివాళ్ల చేత ఒకసారి తిరిగి చెప్పించుకో.

పెద్దమ్మ నిన్ను వేళకి తినమంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న