పాత ట్రాక్టర్ చిన్న సామాను: కెనడాలో ఎవరిని అడగాలి?

మన ఊళ్లలో మాసీ అంటే తెలియని రైతు ఉండడు. దాని పుట్టిల్లు కెనడాయే. 1847లో డేనియల్ మాసీ ఒంటారియోలోని న్యూకాసిల్‌లో పెట్టిన పనిముట్ల కార్ఖానా 1891లో హారిస్ కంపెనీతోనూ, 1953లో ఫెర్గూసన్‌తోనూ కలిసింది. మద్రాసులో 1960లో పుట్టిన టాఫే కంపెనీ ఆ మాసీలనే మన పొలాలకు అందించింది. అందుకే కెనడాలో నాలుగెకరాలు కొన్న తెలుగువాడికి పాత మాసీ 35 అమ్మకానికి కనబడితే చేయి ఆగదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. లిఫ్టు బరువు పట్టదు. విప్పి చూస్తే సీళ్లు, ఓ-రింగులు అరిగిపోయి ఉంటాయి. డీలరు ఆ మోడల్‌కు సామాను రావడం లేదంటాడు. బయట కొన్న డూప్లికేట్ సీలు వారం తిరక్కుండానే కారుతుంది. అప్పుడు "కంపెనీ మీద కేసు వేయొచ్చా?" అని అడుగుతారు. పాత ట్రాక్టర్ విషయంలో కంపెనీని పట్టుకుని లాభం లేదు. మీకున్న హక్కు ఆ సీలు అమ్మినవాడి మీద. అది కూడా మీరు దాన్ని ఎలా అడిగి కొన్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.

కంపెనీ బాధ్యత అసలు లేదని కాదు. ట్రాక్టర్ల ధరలు, విడిభాగాల ఖర్చు మీద రైతులు గోల పెడితే ఫెడరల్ ప్రభుత్వం 1966లో క్లారెన్స్ బార్బర్ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేసింది. 1971లో తుది నివేదిక వచ్చింది. కంపెనీ మీద బాధ్యత పెట్టేవి మాత్రం ప్రావిన్సులకు విడిగా ఉన్న వ్యవసాయ యంత్రాల చట్టాలు. సస్కాచెవాన్, అల్బర్టాల్లో కొత్తగా అమ్మిన యంత్రానికి పదేళ్ల పాటు విడిభాగాలు దొరికేలా కంపెనీ చూడాలి. సీజన్‌లో బండి ఆగిపోయి అత్యవసరమని ఆర్డరిస్తే 72 గంటల్లో భాగం అందించాలన్న లెక్క నడుస్తుంది. అత్యవసరమని మీరే డీలరుకు చెప్పాలి, నోటిమాటతో సరిపెట్టకుండా ఆర్డరు కాగితం మీద రాయించాలి. ఒంటారియోకూ వ్యవసాయ పనిముట్ల చట్టం ఉంది. కానీ ఈ బాధ్యతలన్నీ కొత్తగా అమ్మిన బండి వెంట నడిచేవి. 1960 ప్రాంతపు మాసీకి ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది.

పాత బండికి ఒక వెసులుబాటూ ఉంది. కెనడాలో పేటెంటు ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. అరవై ఏళ్ల నాటి ట్రాక్టర్ అసలు భాగాల మీద ఇప్పుడు ఎవరికీ పేటెంటు మిగిలి లేదు. బుష్ అరిగితే లేత్ షాపులో కొత్తది కోయించుకోవచ్చు, ఎవరైనా తయారుచేసి అమ్మొచ్చు. ఫలానా మోడల్‌కు సరిపోతుందని నిజం చెప్పి అమ్మడం తప్పు కాదు. తమ సరుకు మీద కంపెనీ ముద్ర కొట్టి ఒరిజినల్ అని నమ్మించడం మాత్రం నేరుగా మోసమే. పేటెంటు బతికున్న కొత్త యంత్రాల సంగతి వేరు. రంపపు పళ్లు, వాటిని పట్టి ఉంచే హోల్డరు కలిసిన పేటెంటు గొడవలో, విడిగా పళ్లు అమ్మిన కంపెనీ ఉల్లంఘనకు పురిగొల్పిందని ఫెడరల్ అప్పీలు కోర్టు 2008లో తేల్చింది. మాక్‌లెన్నన్ కేసు అంటారు దాన్ని.

కొంచెం కొత్త తరం బండ్లలో సెన్సర్ మార్చాలన్నా కంప్యూటర్ తాళం అడ్డొస్తుంది. ఆ తాళం తీయడాన్ని కాపీరైట్ చట్టం 2012లో నిషేధించింది. 2024 నవంబరు 7న సీ-244, సీ-294 బిల్లులు చట్టమయ్యాయి. లోపం కనిపెట్టడానికి, మరమ్మతు చేసుకోవడానికి తాళం తీయొచ్చని మొదటిది చెబుతుంది. ఒక కంపెనీ యంత్రానికి ఇంకో కంపెనీ పనిముట్టు తగిలించుకునే వీలు రెండోది కల్పిస్తుంది. అయితే తాళం తీసే సాధనాలు అమ్మడానికి సీ-244 అనుమతి ఇవ్వలేదు. హక్కు ఇచ్చి పనిముట్టు దొరక్కుండా చేసిన ఈ చట్టం నా దృష్టిలో సగం చట్టమే. పాత మాసీకి కంప్యూటరే లేదు కనుక ఈ బెడద దానికి తగలదు.

ఇక కారిన సీలు దగ్గరికొద్దాం. ఒంటారియో సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చాలా విలువైనది. ఏ పనికి కావాలో చెప్పి, షాపువాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. అదే మీరు ఒక బ్రాండు పేరుతో ఫలానా వస్తువే ఇమ్మని కొంటే ఆ హామీ రాదని అదే సెక్షన్ అంటుంది. కౌంటర్ దగ్గర మీరనే మాటకు ఎంత విలువో చూడండి. ఇంటర్నెట్‌లో దొరికిన నంబరు చదివి "ఇదివ్వండి" అంటే, అది మీ బండికి సరిపోకపోయినా నష్టం మీదే కావచ్చు. "నాది మాసీ 35, సీరియల్ నంబరు ఇది, లిఫ్టు పంపుకు ఏ సీలు సరిపోతుందో మీరే చెప్పండి" అంటే బాధ్యత షాపువాడి మీదికి వెళ్తుంది. ఆ మాటే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ట్రాక్టర్ సీరియల్ నంబరు, మోడల్ పేరు బిల్లు మీద రాయమనండి.

వ్యాపారి అమ్మిన సరుకు నాణ్యత కూడా అమ్మదగ్గదిగా ఉండాలి. సొంత షెడ్డులోని సామాను అమ్ముకునే పక్క రైతు మీద ఈ షరతు పడదు. వర్ణనకు సరిపోవాలన్న షరతు మాత్రం అతనికీ వర్తిస్తుంది. కొత్త బేరింగ్ అని చెప్పి పాతది ఇస్తే అడగొచ్చు.

బిల్లు వెనక చిన్న అక్షరాలు తప్పకుండా చదవాలి. "షాపు దాటాక నాణ్యతకు మాకు బాధ్యత లేదు" లాంటి వాక్యం ఉంటుంది. 2024 మే 31న కెనడా సుప్రీంకోర్టు ఎర్త్‌కో కేసులో దీని గురించే తీర్పిచ్చింది. టొరంటోలో ఒక పనికి పైమట్టి కొన్నవాళ్లు మళ్లీ పరీక్ష చేయించే అవకాశం వదులుకున్నారు. వచ్చిన మట్టిలో బంకమన్ను ఎక్కువ ఉంది. ఒప్పందంలో ఉన్న మినహాయింపు మాటల్లో చట్టపు పదం ఉన్నది ఉన్నట్టు లేకపోయినా, ఇరుపక్షాలు ఆ నష్టాన్ని కొనుగోలుదారు మీద పెట్టాలనుకున్నట్టు తేలితే చాలని కోర్టు అంది. పండించి అమ్మే రైతు వ్యాపారి కిందకే వస్తాడు కాబట్టి ఈ తీర్పు మనకూ తగులుతుంది. ఇంటి ముందు మంచు తోసుకోవడానికే ట్రాక్టర్ వాడేవారు వినియోగదారులు. 2002 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వారి విషయంలో ఆ హామీలను వ్యాపారి కొట్టేయలేడు. కాబట్టి వ్యాపారానికి కొనేవారు డబ్బు కట్టకముందే ఆ వాక్యం కొట్టేయించుకోవాలి. ఒప్పుకోకపోతే వేరే షాపు చూసుకోవడమే మంచిది.

సీలు కారి పంపు కూడా పాడైతే? సీలు ధరతో పాటు, ఆ లోపం వల్ల సహజంగా వచ్చే నష్టాన్నీ అడగొచ్చు. తేడా కనబడగానే రాతపూర్వకంగా తెలియజేయండి. సరుకును ఆమోదించినట్టయితే వెనక్కిచ్చే హక్కు పోయి నష్టపరిహారం ఒక్కటే మిగులుతుంది.

పని చేయించిన మెకానిక్‌తో గొడవైతే బండి అతని షెడ్డులో చిక్కుకుంటుంది. ఒంటారియోలో మరమ్మతుల తాకట్టు చట్టం ప్రకారం డబ్బు కట్టేదాకా దాన్ని అట్టే పెట్టుకునే హక్కు అతనికుంది. అయితే వివాదపు మొత్తాన్ని కోర్టులో జమచేసి బండి విడిపించుకుని, తర్వాత వాదించుకునే దారి అదే చట్టంలో ఉంది. దుక్కి సమయంలో ఈ దారి చాలా మందిని ఆదుకోగలదు. పనికి ముందే రాత అంచనా అడగండి.

కూలికి మనిషిని పెట్టుకుంటే అరిగిన భాగం మార్చడం మీ ఇష్టం కాదు, మీ విధి. 2006 జూన్ 30 నుంచి ఒంటారియో వృత్తి ఆరోగ్య, భద్రతా చట్టం పొలాలకూ వర్తిస్తోంది. పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టు కవరు పగిలినా, బ్రేకు సరిగా పట్టకపోయినా బండి ఎక్కనని పనివాడు అనొచ్చు. ఆ మాటకు అతన్ని పని నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. చదువుకుంటూ పొలాల్లో పనిచేసే మన పిల్లలు ఈ హక్కు గుర్తుంచుకోవాలి.

చివరికి కోర్టే దిక్కైతే ఒంటారియో చిన్న క్లెయిముల కోర్టులో 2025 అక్టోబరు 1 నుంచి 50,000 డాలర్ల దాకా వేసుకోవచ్చు. అల్బర్టాలో పరిమితి 1,00,000. లాయరు తప్పనిసరి కాదు. నష్టం తెలిసిన నాటి నుంచి రెండేళ్లే గడువు. కారిన సీలును, అది వచ్చిన కవరును, బిల్లును ఒకే సంచిలో పెట్టి తేదీ రాసి దాచండి. విప్పిన పంపును విప్పినట్టే ఫొటో తీయండి. ఇంకో మెకానిక్‌తో లోపం ఎక్కడుందో ఒక పేజీ రాయించి సంతకం చేయించుకుని ఆ సంచిలోనే పెట్టండి.