బట్టమేక పిట్ట, ఊరకుక్క, శ్రావకుని వ్రతము

సోలాపూర్ తూర్పుభాగమున నేతవారి పేటలు గలవు. కొన్ని తరముల క్రిందట తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలు చద్దరులను, తువ్వాళ్ళను నేయుచు స్థిరపడిన వీధులివి. రాత్రి మగ్గముల చప్పుడు సద్దుమణగిన పిదప ఇచ్చట వినబడునది కుక్కల అరుపే. మిగిలిన అన్నమును, రొట్టెముక్కలను గడపముందు వేయుట పాత అలవాటు. నూలు, బట్టల వర్తకము చేయు జైన గృహములలో అది అలవాటు మాత్రమే కాదు. జీవదయ అని పేరుగల పుణ్యకార్యము.

ఈ పేటలకు ఉత్తరముగ, బార్షీ మార్గమున, సుమారు 20 కిలోమీటర్ల దూరమున నాన్నజ్ గడ్డిమైదానము కలదు. బట్టమేక పిట్టను రక్షించుటకై 1979లో ఈ ప్రాంతమును అభయారణ్యముగ ప్రకటించిరి. మరాఠీవారు దీనిని మాళ్‌ఢోక్ అందురు. మగపక్షి 15 కిలోల వరకు తూగును. ఇది గూడు కట్టదు. సాధారణముగ ఏడాదికి ఒకే గ్రుడ్డును నేలమీదనే పెట్టి, ఇంచుమించు నాలుగు వారములు పొదుగును. నేడు లోకమందు మిగిలిన ఈ పక్షులు రెండువందలకు లోపే. అందులో అధికభాగము రాజస్థానములోనివి. నాన్నజ్‌లో దాని దర్శనమే అరుదైపోయినది. కర్నూలు సీమలో రోళ్ళపాడు అభయారణ్యమును 1988లో దీనికొరకే ఏర్పరచిరి. అచ్చటి కథయు ఇట్టిదే.

ఇందుకు కుక్కయే కారణమనుట అన్యాయము. పూర్వము వేటగాండ్రు చంపిరి. బీళ్ళు పొలములైనవి, ఉజనీ ఆనకట్ట నీరు వచ్చిన పిమ్మట చెరకు పెరిగినది. ఈ పక్షికి ఎదుటి వస్తువు సరిగా కానరాదు గనుక ఎగురుచు విద్యుత్తు తీగలకు తగిలి చచ్చును. ఇవన్నియు మనుష్యుల పనులే. అయినను, మిగిలిన కొలది గ్రుడ్లకును, నేలమీది పిల్లలకును, కృష్ణజింక కూనలకును ఊరకుక్కల గుంపు గండమే. అచ్చటి తోడేళ్ళకు కుక్కలనుండి రోగములు కూడ సోకును. తోడేలు ఆ మైదానపు జీవి. కుక్క అట్టిది కాదు. మనుష్యుని వెంట వచ్చినది, మనుష్యుని ఎంగిలితో పెరిగినది.

కుక్కను చంపి గ్రుడ్డును కాపాడవచ్చునా? ఇది వట్టి తర్కము కాదు. న్యూజిలాండ్ దేశమున ఎగురలేని కాకపో చిలుకలు 1995లో 51 మాత్రమే మిగిలినవి. పిల్లులు, ఎలుకలు మొదలగువానిని తొలగించిన ద్వీపములలో వానిని పెంచగా 2022 నాటికి 250 దాటినవి. అచ్చట చంపుటవలన ఒక జాతి నిలిచినదన్న సత్యమును దాచరాదు. అట్లని ఆ లెక్క ప్రతిచోట సరిపోదు. ఆస్ట్రేలియాకు చెందిన మాక్వరీ ద్వీపమున సముద్రపక్షులను కాపాడుటకై 2000 నాటికి పిల్లులను నిర్మూలించిరి. అటుపిమ్మట కుందేళ్ళు విపరీతముగ పెరిగి కొండవాలులలోని పచ్చికను నమలివేసినవి. ఆ కుందేళ్ళను, ఎలుకలను కూడ చంపి, 2014లో గాని పని ముగిసినదని చెప్పలేకపోయిరి.

వెయ్యి సంవత్సరముల క్రిందటనే అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయమున ఈ లెక్కను ఎత్తుకొనిరి. ఒక క్రూరజంతువును చంపినచో అనేక జీవులకు రక్ష కలుగునని తలచి చంపరాదని వారి నిర్ణయము. అంతటితో విడువక, బ్రతికియున్నచో ఇంకను పాపము మూటగట్టుకొనునను జాలితోనైనను దానిని చంపరాదనిరి. మేలు చేయుచున్నామను తలంపు చంపువానికి ఎంత సులభముగ కలుగునో వారెరుగుదురు.

గృహస్థుడు చేయు హింసను సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అని నాలుగు విధములుగ చెప్పుదురు. వంటలోను వృత్తిలోను తప్పనిది కొంత మన్నింపబడును. చంపవలెనని తలచి చంపుట అణువ్రతికి పూర్తిగా నిషిద్ధము. మీదపడి కరచు పిచ్చికుక్కను అడ్డగించుట విరోధీ హింసలో చేరునేమో గాని, గడ్డిలో ఆహారము వెదకు కుక్క ఎవరికిని శత్రువు కాదు. తుపాకితో మాటువేసి దానిని కాల్చుట సంకల్పీ హింసయే. ఆ పనికి కూలి యిచ్చి మరియొకనిని పంపినను పేరు మారదు.

అయినచో శ్రావకుడు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? 1832లో బొంబాయిలో ఆంగ్ల ప్రభుత్వము వీధికుక్కలను చంపించుచుండగా అల్లరులు చెలరేగినవి. 1834లో పారసీయుడైన జంషెట్జీ జీజీభాయి, వర్తకుడైన అమీచంద్ షా మొదలగువారు పాంజరాపోళ్‌ను స్థాపించి అట్టి జంతువులకు చోటిచ్చిరి. చంపవద్దన్నవారు పోషణభారమును కూడ నెత్తిన వేసుకొనిరన్నమాట. 1926లో అహమ్మదాబాదున మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి తన మిల్లు ఆవరణలో తిరుగు సుమారు 60 కుక్కలను చంపించెను. జీవదయాపరులు గాంధీజీకి ఫిర్యాదు చేసిరి. గాంధీజీ ఆ పనిని తప్పనిసరి యైనదిగ సమర్థించి, దిక్కులేని కుక్కకు ముద్ద విసరి పోవుట దయ కాదని కొన్ని వారములపాటు యంగ్ ఇండియాలో వ్రాసిరి. చంపుట విషయమున జైనులు ఆయనతో ఏకీభవింపలేదు, ఏకీభవింపనక్కరలేదు. ముద్ద విషయమున ఆయనకు సమాధానము చెప్పుట మాత్రము కష్టము.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ప్రమాదముతో ప్రాణము తీయుటయే హింస యని నిర్వచించెను. నేటి తెలుగులో ప్రమాదమనగా అపాయమని అర్థము, శాస్త్రములో ఏమరుపాటు. అట్టివానికి, జీవి చచ్చినను చావకున్నను, దోషము తగులునని అమృతచంద్రుల మాట. విందులో మిగిలిన విస్తళ్ళు ఊరిబయట పారబోసినది ఎవరు? రహదారి ప్రక్క భోజనశాలల చెత్త, చచ్చిన పశువుల కళేబరములు మైదానపు అంచున పడవేసినది ఎవరు? అచ్చట పెరిగిన గుంపు గ్రుడ్డును తొక్కినను తిన్నను, ఆ హింస ఖాతాలో వ్రాయదగిన పేరు కుక్కది కాదు.

చట్టపు మార్గము కూడ తిన్ననిది కాదు. 2023 నియమముల ప్రకారము వీధికుక్కలను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెను. పేటలో ఇది మంచి పద్ధతి. గడ్డిమైదానములో మాత్రము చికిత్స పొందిన కుక్కకును ఆకలి యుండును. అది బ్రతికినన్నాళ్ళు వేటాడును. కనుక అచ్చటి ఊళ్ళలో కుక్కలను ఇండ్లకు కట్టివేయించుట, చెత్తను పూడ్పించుట, దిక్కులేనివానికి జీవితాంతము పాంజరాపోళ్‌లో చోటు సంపాదించుటకై అధికారులతో మాటలాడుట అవసరము. కుక్క పది పండ్రెండేండ్లు బ్రతుకును. ఒక్కొక్కదానికి అన్నేండ్ల తిండి, కాపలా, వైద్యము. గడపముందు ముద్ద వేయుటకంటె ఇది చాల ఖరీదైన దయ. ఇది జరుగులోపల కొన్ని గ్రుడ్లు పోవునన్నది కూడ నిజమే. వ్రతము నిలుపుకొనువారు ఆ నష్టమును చూచియే నిలుపుకొనవలెను.

దక్కనులో బట్టమేక పిట్ట గ్రుడ్డు పెట్టునది వానలకాలమున. భాద్రపదమున పర్యూషణ, దశలక్షణ పర్వములు వచ్చి, సోలాపూర్ మందిరములలో జీవదయ నిధికి చందాలు వ్రాయు దినములును ఆ కాలముననే.