నీరుగంటియు పెర్ల్ పొరయు

మన ఉరవకొండ సీమయందు నీటి విలువ నెరుగని బాలుడు లేడు. అనంతపురము మండలమున సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావుననే పూర్వము చెరువులకు నీరుగంటి యను గ్రామసేవకుడుండెడివాడు. రైతులు తమంత తాము తూము నెత్తెడివారు కారు. ఏ మడికి నీరు వలయునో వానికి చెప్పుదురు. వాడు తూము నెత్తి, నీరు పారించి, చెరువులో నెంత మిగిలినదో వచ్చి చెప్పును. వాని లెక్క తప్పినచో మడి యెండుటయే గాక చెరువే వట్టిపోవును. ఈ పోలికను మనసున నుంచుకొని యీ పాఠమును చదువుడు.

కంప్యూటరులో మనము వ్రాసికొన్న పాఠములు, పద్దులు, చిత్రములు ఫైళ్లుగా నిలువయుండును. వేలకొలది విద్యార్థులకు ఒకే నిలువస్థానము నేర్పరచుటకై 1982 లో అమెరికాయందలి పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము, ఐ.బి.ఎం. సంస్థతో గూడి యొక ప్రయత్నమారంభించెను. దాతలగు ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ అనువారిరువురి పేరును ఆండ్రూ యగుటచే, అందు పుట్టిన యేర్పాటునకు ఆండ్రూ ఫైల్ సిస్టమ్, సంగ్రహముగా ఏ.ఎఫ్.ఎస్. అను పేరు కలిగెను. మదరాసు ఐ.ఐ.టి.లో చదివిన మహాదేవ్ సత్యనారాయణన్ దాని ముఖ్య నిర్మాతలలో నొకడు. చిత్తూరు సీమయందలి కాటూరున 1937 లో జనించి, 1994 లో ట్యూరింగ్ బహుమానమందిన మన తెలుగువాడు రాజ్ రెడ్డిగారు, ఈ ఏర్పాటును నిర్మింపకున్నను, ఆ విద్యాలయముననే ఆచార్యులైరి. 2000 సంవత్సరమున ఐ.బి.ఎం. వారు దీని మూలమును లోకమునకు విడిచిపెట్టగా అది ఓపెన్ ఏ.ఎఫ్.ఎస్. అయ్యెను.

ఇందు ఫైళ్లు వాల్యూములను పెట్టెలలో నుండును. ఒక్కొక్క పెట్టె యెంతవరకు నిండవచ్చునో తెలుపు హద్దునకు కోటా యని పేరు. ఈ వ్యవస్థను నడుపువారు వాల్యూములను కదల్చుటకు వోస్, కోటాలను అనుమతులను దిద్దుటకు ఎఫ్.ఎస్., మనుష్యుల పట్టికకు పి.టి.ఎస్., సర్వరుల పోషణకు బోస్ అను నాలుగు ఆజ్ఞలను వాడుదురు. నూరు వాల్యూములకు నూరుమారు లాజ్ఞ టైపుచేయుట విసుగు. విసుగున తప్పులు పుట్టును. కావున ఆజ్ఞలకును మనకును నడుమ నొక మధ్యవర్తి యవసరమయ్యెను. ఏ.ఎఫ్.ఎస్. కమాండ్ అను పెర్ల్ పొర యట్టిదే.

పెర్ల్ అనునది 1987 లో లారీ వాల్ అను నతడు వెలువరించిన కంప్యూటరు భాష. మత్తయి సువార్తలోని అమూల్యమైన ముత్యము ఉపమానమును తలచి యతడు దానికి ముత్యమను నర్థము వచ్చు పేరు పెట్టదలచెను. ఆ పేరుగల భాష యంతకుముందే యుండుటచే ఒక అక్షరమును తగ్గించెను. వ్రాతలోనుండి వలసిన మాటల నేరితీయుటయందు ఈ భాష మిక్కిలి నేర్పుగలది.

పొర చేయు పనులు మూడు. మన కోరికను ఆజ్ఞగా కూర్చుట యొకటి. ఆజ్ఞను నడిపించుట రెండవది. వచ్చిన జవాబును చదివి మనకు వివరించుట మూడవది. ఈ మూటియందును దోషములు పుట్టగలవు. ఒక్కొక్కదానికి నొక్కొక్క యుదాహరణము చూతము.

మొదటిది: పాత పద్దులు అను పేరుగల అరను తీసివేయవలెననుకొనుడు. పొర యీ పేరును మిగిలిన యాజ్ఞతో కలిపి యొకే వాక్యముగా షెల్లునకు పంపినచో, షెల్లు నడుమనున్న ఖాళీని చూచి, పాత అని యొకటి, పద్దులు అని యొకటి, రెండు పేర్లుగా విడదీయును. పద్దులు అను వేరొక యర యున్నయెడల నదియే నశించును! సవరణ యేమన, మాటలను ముందే వేరుపరచి, షెల్లు జోక్యము లేకుండ, పట్టికగా నందించుటయే.

రెండవది: ప్రతి యాజ్ఞయు ముగియునప్పుడు ఒక అంకెను విడిచిపోవును. 0 అయిన జయము, మరియేదైనను అపజయము. పెర్ల్ ఈ అంకెను 256 చేత హెచ్చించి చూపును గనుక, 1 అనునది 256 గా కనబడును. దీనిని 1 తో సరిపోల్చు పొర అపజయము నెరుగజాలదు. అసలే చూడని పొర ప్రతిదియు జయమేయని చెప్పును. నకలు తీయబడకున్నను తీయబడినదని నమ్మిన యధికారి మూలమును తుడిచివేయవచ్చును.

మూడవది సూక్ష్మమైనది. కోటా నడిగిన ఆజ్ఞ యొక పంక్తిలో వాల్యూము పేరు, కోటా, వాడినది, నూటికెంత, డిస్కు నిండినది నూటికెంత అను నైదు గడులను వరుసగా నిచ్చును. 5000, 2071, 41, 60 అని రాగా, పొర ఖాళీలవద్ద విరిచి రెండవ మాట కోటా యనియు, మూడవది వాడినదనియు గ్రహించును. కాని కోటా హద్దు లేని వాల్యూమునకు ఆ గడిలో అంకెకు మారుగా నో లిమిట్ అను రెండు మాటలు వచ్చును. అప్పుడు మూడవ మాట లిమిట్ అగును. అంకె కాని మాటను లెక్కలో పెట్టినచో పెర్ల్ దానిని సున్నగా నెంచును. 2071 కిలోబైట్లు నిండియున్న పెట్టె వట్టిదని తేలును! చిత్రమేమన, రెండవ మాటయగు నో అనునదియు సున్నయే యగును. హద్దులేని కోటాకు సున్నయే సరియైన గుర్తు. ఒక గడి దైవికముగా సరిపోవుటచే పక్కగడి తప్పు కంటబడదు. వట్టి పెట్టెలను తీసివేయు కార్యక్రమము దీనిని నమ్మినయెడల ఒక విద్యార్థి సంవత్సరపు శ్రమ యంతయు పోవును. సవరణకు, ఆ రెండు మాటలను ముందుగా నొక గడిగా గుర్తించి, అంకె యుండవలసిన చోట అంకెయే యున్నదా యని పరీక్షించి, లేనిచో ఆగి చెప్పవలెను.

ఇట్టి సవరణలను పొరతోడనే యుండు మార్పుల పట్టికలో వ్రాయుట మంచి పనివారి ఆచారము. ఏ కూర్పులో ఏ దోషము కనబడెను, ఎట్లు దిద్దబడెను అని యందుండును. తప్పు కనబడినప్పుడు ఆ తప్పును పుట్టించిన జవాబునే దాచి, దానితో నొక పరీక్షను ముందు వ్రాసి, పిదప సవరింతురు. అప్పుడు అదే దోషము మరల తలయెత్తినను పరీక్ష పట్టియిచ్చును. ఈ పట్టికను చూచి, ఇన్ని తప్పులా యని నవ్వువారు కలరు. అది పొరపాటు. తప్పుల పట్టిక లేని పొరయందు తప్పులు లేవని కాదు, వెదకినవారు లేరని యర్థము కావచ్చును.

బాలబాలికలారా! గణితపు నోటుబుక్కులో తప్పిన లెక్కను చింపివేయక, దాని పక్కనే సరియైన దానిని వ్రాయుడు. తెలియనిదానిని సున్నగా నెంచకుడు. చెరువు వట్టిపోయినదని చెప్పుటకు ముందు నీరుగంటి కట్టయెక్కి కన్నులార చూడవలెను గదా!

ప్రశ్నలు: 1. నీరుగంటికిని పెర్ల్ పొరకును గల పోలికలేవి? 2. నో లిమిట్ అను రెండు మాటలు రెండు గడులలో పడినను, ఒక దోషమే యేల కనబడకుండ దాగెను? 3. ఆజ్ఞ 2 అను అంకెను విడిచి ముగిసినచో పెర్ల్ చూపునది యెంత?